గిన్నెడు స్క్రూలు వరుసలో ఎలా నిలబడతాయి?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నా ముందు కూర్చుని, పాప మార్కుల షీటు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగారు. ఆయనకు హన్మకొండలో మొబైల్ రిపేరు షాపు ఉంది. “సార్, ఫ్యాక్టరీలల్ల అన్నీ రోబోలే చేస్తున్నయంటున్నరు. మరి మా పిల్ల ఇంజనీరింగ్ చదివి ఏం చేస్తది?” వెనకాల ఇంకా పది పన్నెండు మంది టోకెన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏవో రెండు మాటలు చెప్పి పంపించాను. ఇంటికి వెళ్ళాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఈ నెల సైన్స్ పేజీలో ఆ జవాబు మళ్ళీ చెప్పాలని చూస్తున్నాను. రోబోల గురించి గాలిలో మాట్లాడితే ఎటూ తేలదు కాబట్టి, ఒకే ఒక్క చిన్న పనిని తీసుకుందాం: స్క్రూ బిగించడం. మన చేతిలో ఉన్న ఫోను, వంటింట్లో ఉన్న మిక్సీ, హాల్లో ఉన్న టీవీ, అన్నిటినీ పట్టి ఉంచేది ఆ చిన్న స్క్రూలే. పాఠం మీకోసమే రాస్తున్నా, ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు పక్కన కూర్చుంటే ఇంకా బాగుంటుంది. ఇందులో ఉన్నదంతా వాళ్ళ పుస్తకంలోని ఘర్షణ, బలం, అయస్కాంతం పాఠాలే.

ముందుగా ఒక చిన్న సంఘటన. ఆ తండ్రే తన షాపులో పనికిరాని పాత ఫోన్లు ఒక కవరు నిండా మా ల్యాబ్‌కు పంపించారు. పిల్లలు ఆనందంగా విప్పారు. మళ్ళీ బిగించేటప్పటికి ప్రతి టేబుల్ మీదా రెండు మూడు స్క్రూలు మిగిలిపోయాయి. ఒక టేబుల్ దగ్గరైతే పొడవు స్క్రూను పొట్టి స్క్రూ చోట పెట్టి తిప్పేశారు. రిపేరు చేసేవాళ్ళు దీనికి చాలా భయపడతారట. కంటికి అర మిల్లీమీటరు తేడానే, కానీ పొడవు ఎక్కువైన స్క్రూ కిందనున్న బోర్డులోకి దిగి లోపలి రాగి దారులను తెంపేస్తుంది. ఇక ఆ ఫోను లేవదు. మా దగ్గరివి ఎలాగూ చచ్చిన ఫోన్లే కాబట్టి నష్టం లేదు.

అంటే స్క్రూ బిగించడంలో మూడు ప్రశ్నలున్నాయి. ఏ స్క్రూ ఏ రంధ్రంలోకి? అది తల పైకి, మొన కిందికి ఎలా వస్తుంది? ఎంత గట్టిగా తిప్పాలి? మనం ఈ మూడింటికీ ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తాం. వేళ్ళతో ఒకటి తీసుకుంటాం, అది ఎటు తిరిగి ఉందో చూడకుండానే తిప్పేసుకుంటాం, చేతికి గట్టిగా తగలగానే ఆపేస్తాం. యంత్రానికి కళ్ళూ వేళ్ళూ లేవు. మరి దానికెలా వీలైంది?

చాట, ఫోను, స్క్రూల గిన్నె

మీ ఇంట్లో అమ్మమ్మ చాటతో బియ్యం చెరగడం గుర్తు తెచ్చుకోండి. చాటను కాస్త పైకి ఎగరేసి వెనక్కి లాగుతారు. గింజ గాల్లో ఉన్న ఆ క్షణంలో చాట కింద నుంచి జరిగిపోతుంది. గింజ పడేసరికి అది ముందున్న చోటు కాక వేరే చోటు. ఇలా పదిసార్లు చేస్తే గింజలన్నీ ఒక పక్కకు నడిచినట్టు వస్తాయి. ఎవరూ వాటిని చేత్తో తోయలేదు.

వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను టేబుల్ మీద మెల్లగా పాక్కుంటూ అంచు దాకా రావడం కూడా మీరు చూసే ఉంటారు. అదీ దాదాపు ఇదే కథ.

ఫ్యాక్టరీల్లో స్క్రూలను వరుసలో పెట్టే యంత్రానికి వైబ్రేటరీ బౌల్ ఫీడర్ అని పేరు. చూడటానికి పెద్ద స్టీలు గిన్నె. లోపలి గోడ వెంట కింది నుంచి పైదాకా మెలికలు తిరుగుతూ ఒక సన్నని అరుగు ఉంటుంది, కొండ చుట్టూ ఎక్కే ఘాట్ రోడ్డులాగా. గిన్నెలో స్క్రూలను గుప్పెళ్ళతో పోస్తారు. స్విచ్ వేయగానే అవి ఒకదాని వెనక ఒకటి ఆ అరుగు ఎక్కడం మొదలుపెడతాయి. మొదటిసారి చూసినవాళ్ళకు చీమలు గోడ ఎక్కుతున్నట్టే ఉంటుంది. యూట్యూబ్‌లో ‘బౌల్ ఫీడర్’ అని వెతికి పిల్లలకు చూపించండి, ఈ ఒక్కసారికి ఫోను ఇచ్చినా నేనేం అనను.

గిన్నె కింద ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. గిన్నె నేరుగా నేల మీద కాకుండా, మూడు నాలుగు ఏటవాలు స్ప్రింగు పట్టీల మీద నిలబడి ఉంటుంది. అయస్కాంతం లాగినప్పుడు పట్టీలు వంగుతాయి. అవి ఏటవాలుగా ఉన్నాయి కాబట్టి గిన్నె నిలువుగా కిందికి రాదు, కాస్త తిరుగుతూ కిందికి వస్తుంది. అయస్కాంతం వదలగానే స్ప్రింగులు దాన్ని తిరుగుతూ పైకి విసురుతాయి. ఆ విసురులో స్క్రూ చిన్న గెంతు గెంతుతుంది. అది గాల్లో ఉండగానే గిన్నె మళ్ళీ వెనక్కి వెళ్తుంది. అమ్మమ్మ చాట చేసిన పనే ఇది, కాకపోతే గుండ్రంగా.

ఎన్నిసార్లు? మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. అంటే సెకనుకు 50 ఆవర్తనాలు. ఒక్కో ఆవర్తనంలో కరెంటు ఒకసారి ఇటు, ఒకసారి అటు గరిష్ఠానికి చేరుతుంది. ఇనుముకు కరెంటు ఎటు పోతుందో పట్టింపు లేదు, రెండుసార్లూ అతుక్కుంటుంది. కాబట్టి గిన్నె సెకనుకు 100 సార్లు కదులుతుంది. మధ్యలో ఒక డయోడ్ పెట్టి సగం కరెంటును ఆపేస్తే సెకనుకు 50 సార్లు. బరువైన వస్తువులకు ఈ నిదానమైన ఊపే మంచిది. ఒక్కో కదలిక మిల్లీమీటరు కంటే తక్కువే ఉంటుంది, అందుకే గిన్నె వణికినట్టు కనిపిస్తుంది తప్ప ఊగినట్టు ఉండదు.

ఇక్కడ పిల్లలను ఒక ప్రశ్న అడగండి. స్క్రూలు తొందరగా రావాలంటే గిన్నె నిండా పోస్తే సరిపోతుందా? సరిపోదు. ఊయలకు దాని సొంత లయ ఉన్నట్టే స్ప్రింగులకూ ఒక సహజ లయ ఉంటుంది. అయస్కాంతం ఆ లయకు దగ్గరగా లాగుతుంది కాబట్టే కొద్దిపాటి కరెంటుతో అంత బరువు గిన్నె కదులుతోంది. స్క్రూలు ఎక్కువ పోస్తే బరువు పెరిగి లయ మారిపోతుంది, గిన్నె మందగిస్తుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తుందనుకున్న కొత్త ఆపరేటర్ చేసే మొదటి తప్పు ఇదే.

సరిగ్గా లేనివి వెనక్కి

స్క్రూలు అరుగు ఎక్కాయి, బాగానే ఉంది. కానీ కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా, కొన్ని ఒకదాని మీద ఒకటి. వీటిని ఎవరు సరిచేస్తారు?

నాకు ఈ యంత్రంలో బాగా నచ్చిన భాగం ఇక్కడుంది. ఎవరూ సరిచేయరు. సరిగ్గా లేనిదాన్ని తోసేస్తారు, అంతే. అరుగు మీద ఒక చోట స్క్రూ మందం కంటే కొంచెం ఎత్తులో ఒక రేకు అడ్డంగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కినవి ఆ రేకుకు తగిలి గిన్నెలోకి పడిపోతాయి. ఇంకొంచెం ముందుకు వెళ్ళాక అరుగు ఒక సన్నని చీలికగా మారుతుంది. చీలిక వెడల్పు స్క్రూ కాడ కంటే కాస్త ఎక్కువ, తల కంటే తక్కువ. స్క్రూ అక్కడికి వచ్చేసరికి కాడ చీలికలోకి జారుతుంది, తల పైన తట్టుకుని వేలాడుతుంది. తల పైకి, మొన కిందికి! చీలికలోకి దిగనివి పక్క నుంచి జారి మళ్ళీ గిన్నె అడుక్కు చేరతాయి, మళ్ళీ ఎక్కుతాయి.

లెక్కగా చూద్దాం. ప్రతి 10 స్క్రూలలో 3 మాత్రమే మొదటిసారి సరిగ్గా దిగాయనుకోండి. మిగతా 7 వెనక్కి. నిమిషానికి 60 స్క్రూలు కావాలంటే అరుగు మీద నిమిషానికి 200 ఎక్కాలి. తప్పు జరగకుండా చూడటం కష్టమైన చోట, తప్పును మళ్ళీ మొదటికి పంపడం చౌక. ఈ గిన్నెలో కెమెరా లేదు, కంప్యూటర్ లేదు, ఏఐ అసలే లేదు. ఉన్నదల్లా ఒక రేకు, ఒక చీలిక, భూమ్యాకర్షణ. వీటిని ఏ స్క్రూకు ఎంత వెడల్పులో కోయాలో తెలిసిన మనిషి బుర్ర ఆ స్టీలులోనే ఉంది.

ఈ చీలిక పనిచేయాలంటే స్క్రూలన్నీ ఒకేలా ఉండాలి. రెండు వందల ఏళ్ళ కిందట ఇది సాధ్యం కాదు. ఒక్కో కమ్మరి ఒక్కో రకంగా మర కోసేవాడు, ఒక బోల్టుకు పెట్టిన నట్టు ఇంకో బోల్టుకు ఎక్కేది కాదు. 1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే మర కోసే లేత్‌ను ఒక కచ్చితమైన పనిముట్టుగా తయారుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు దేశమంతటికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. ఇవాళ మనం వాడే ఎం3, ఎం4 కొలతలు ఆ దారిలో తర్వాత వచ్చినవి. ఎం3 అంటే మర వెలుపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు అర మిల్లీమీటరు దిగుతుంది. కొట్టుకు వెళ్ళి ‘ఎం3 స్క్రూ’ అంటే వరంగల్‌లోనైనా వియత్నాంలోనైనా ఒకటే వస్తుంది.

గొట్టంలో ప్రయాణం

చీలికలో వేలాడుతూ వచ్చిన స్క్రూలు చివర ఒక గేటు దగ్గర ఆగుతాయి. భద్రకాళి గుడిలో పండగ రోజు క్యూలో ఒక్కొక్కరినే లోపలికి వదిలినట్టు, ఆ గేటు ఒక్క స్క్రూను వదిలి మిగతావాటిని ఆపుతుంది. వదిలిన స్క్రూ ఒక ప్లాస్టిక్ గొట్టంలో పడుతుంది. వెనక నుంచి గాలి ఒత్తిడితో ‘ఫట్’మని ఊదితే అది గొట్టం వెంట పరుగెత్తి స్క్రూడ్రైవర్ మూతిలో ఉన్న రెండు దవడల మధ్య వచ్చి నిలబడుతుంది. పైనుంచి బిట్ దిగి, తలను పట్టుకుని, తిప్పుతూ కిందికి తోస్తుంది. దవడలు తెరుచుకుంటాయి. ఒకటి బిగుస్తుండగానే తర్వాతిది గొట్టంలో బయలుదేరుతుంది.

గొట్టంలో ఒక చిక్కుంది. స్క్రూ దారిలో పల్టీ కొట్టకూడదు. ఎం3 స్క్రూ ఒకటి తీసుకుందాం, కాడ 8 మిల్లీమీటర్లు. తలతో కలిపి పొడవు సుమారు 10, తల వెడల్పు సుమారు 6. తల పట్టేంత గొట్టంలో ఇది అడ్డం తిరగలేదు. అదే ఎం3 స్క్రూలో కాడ 4 మిల్లీమీటర్లే అయితే మొత్తం పొడవూ 6, తల వెడల్పూ 6. ఇక అది గొట్టంలో గోళీలాగా దొర్లుతుంది, అవతలికి తలకిందులుగా చేరినా చేరుతుంది. స్క్రూ డిజైన్ చేసే ఇంజనీరు కాడ రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తే ఫ్యాక్టరీలో గొట్టం పద్ధతే పనికిరాకుండా పోవచ్చు. ఇలాంటివి కాలేజీలో ఎవరూ చెప్పరు, షాప్ ఫ్లోర్ మీదే తెలుస్తాయి.

ఫోను స్క్రూలకు వచ్చిన ఇబ్బంది సరిగ్గా ఇదే. అవి ఎం1.4, ఇంకా చిన్నవి కూడా, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. గొట్టంలో పంపలేరు. అందుకని బల్ల మీద చిన్న ఫీడరు పెట్టి, వరుస చివర ఒక్క స్క్రూను మాత్రం నిలబెడతారు. రోబో చెయ్యి వచ్చి అయస్కాంతంతోనో, గాలి పీల్చుకునే మూతితోనో దాన్ని ఎత్తుకుని వెళ్తుంది. చాలాచోట్ల రోబో చెయ్యి ఉండదు, మనిషి చెయ్యే ఉంటుంది. ఫీడరు స్క్రూను నిలబెట్టి ఇస్తుంది, అమ్మాయి డ్రైవరు దించి ఎత్తుకుని బిగిస్తుంది. సగం యంత్రం, సగం మనిషి. ‘అన్నీ రోబోలే’ అన్న మాటకూ వాస్తవానికీ మధ్య ఇలాంటి దశలు చాలా ఉన్నాయి.

ఎంత గట్టిగా?

మూడో ప్రశ్న మిగిలింది. తక్కువ బిగిస్తే ఊడిపోతుంది, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. మధ్యలో ఉన్న ఆ సరైన చోటును యంత్రం ఎలా పట్టుకుంటుంది?

తిప్పే బలానికి టార్క్ అని పేరు. పది సెంటీమీటర్ల పానా చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే పడే తిప్పుడు బలం దాదాపు 1 న్యూటన్-మీటరు. ఒక ఎం3 స్క్రూను 0.6 న్యూటన్-మీటరుతో బిగిస్తున్నారనుకుందాం, అంటే అదే పానా చివర 600 గ్రాములు. ఇంజనీర్లు వాడే ఒక మోటు సూత్రం ఉంది: టార్క్‌ను మర వ్యాసంతోనూ 0.2తోనూ భాగిస్తే స్క్రూ ఆ రెండు భాగాలను ఎంత బలంతో అదిమి పడుతుందో వస్తుంది. 0.6ను 0.003తో, మళ్ళీ 0.2తో భాగించండి. 1000 న్యూటన్లు! అంటే దాదాపు వంద కిలోల బరువు మీద పెట్టినంత. చిటికెన వేలి గోరు మీద పట్టే స్క్రూ చేసే పని అది.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, మనం పెట్టిన టార్క్‌లో ఇలా అదిమి పట్టడానికి వెళ్ళేది పదో వంతు మాత్రమే. దాదాపు సగం స్క్రూ తల కింద ఘర్షణకు, మిగిలిందంతా మరలలో ఘర్షణకు పోతుంది. అందుకే ఒక చుక్క నూనె పడితే లెక్క తారుమారవుతుంది. ఘర్షణ తగ్గి, అదే టార్క్‌కు స్క్రూ చాలా ఎక్కువ బిగిసి తెగిపోవచ్చు. ‘ఘర్షణ వల్ల లాభమా, నష్టమా’ అని పరీక్షలో అయిదు మార్కులకు రాసే పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పండి. ఘర్షణ లేకపోతే బిగించిన స్క్రూ ఒక్క క్షణం కూడా నిలవదు, దానంతటదే వెనక్కి తిరిగిపోతుంది.

ఇప్పటి డ్రైవర్లు టార్క్‌తో పాటు ఎన్ని చుట్లు తిరిగిందో కూడా లెక్కపెడతాయి. ఎం1.4 మర ఒక చుట్టుకు 0.3 మిల్లీమీటరు దిగుతుంది. 3 మిల్లీమీటర్లు దిగాలంటే 10 చుట్లు. నాలుగు చుట్లకే గట్టిపడిందంటే మర ఏటవాలుగా ఎక్కిందని అర్థం. పది దాటి పదిహేను చుట్లు తిరిగినా గట్టిపడలేదంటే మర పోయింది. పది చుట్లకు బదులు పన్నెండు పట్టిందంటే ఎవరో పొడవు స్క్రూ పోశారు. మా ల్యాబ్‌లో పిల్లలు చేసిన పొరపాటును యంత్రం అలా పట్టేసి ఎర్ర లైటు వెలిగిస్తుంది.

ప్లస్ గుర్తు తలకూ ఇందులో పాత్ర ఉంది. ఒంటి గాడి ఉన్న పాత స్క్రూలో బిట్ పక్కకు జారిపోతుంది. 1930లలో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చిన ప్లస్ గాడిలో బిట్ దానంతటదే మధ్యకు వచ్చి కూర్చుంటుంది. కార్ల ఫ్యాక్టరీలు దాన్ని వెంటనే అందుకున్నాయి. ఇంట్లో ప్లస్ స్క్రూను నొక్కకుండా తిప్పితే బిట్ పైకి లేచిపోయి గాడి అరిగిపోవడం మీకు అనుభవమే కదా, అది దాని రెండో గుణం.

మన దగ్గర

ఇదంతా ఎక్కడో చైనాలో జరిగే సంగతి కాదు. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోనును ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంటులో అమర్చారు. అక్కడి లైన్ల మీద పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలు. మనకు దగ్గరలో అయితే రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో అదే సంస్థ ప్లాంటుకు 2023 మేలో భూమిపూజ జరిగింది, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు చేయడానికి. వరంగల్ నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అక్కడివి చేతికి అందేంత పెద్ద బోల్టులు, వెల్డింగ్, అది వేరే పాఠం.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్న. ఫాక్స్‌కాన్ అధినేత టెర్రీ గౌ మూడేళ్ళలో పది లక్షల రోబోలు పెడతామని 2011లో ప్రకటించాడు. అనుకున్నంత వేగంగా అది జరగలేదు. ఆపిల్ సంస్థ తన వస్తువుల అమరికలో రోబోలను పెట్టాలని ప్రయత్నించి, అతి చిన్న స్క్రూల దగ్గర ఇబ్బంది పడిందని 2020లో వార్తలొచ్చాయి. బిగుస్తున్నప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న తేడా రోబోకు తెలియలేదట. అంతకుముందు ఇదే సంస్థ అమెరికాలోని టెక్సాస్‌లో 2013లో మ్యాక్ ప్రో కంప్యూటర్ల తయారీ మొదలుపెట్టినప్పుడు, కావలసిన ప్రత్యేక స్క్రూ చేసిపెట్టే చిన్న వర్క్‌షాపు రోజుకు వెయ్యికి మించి ఇవ్వలేకపోయిందని, పని ఆలస్యమైందని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అంత పెద్ద సంస్థ, ఆగింది స్క్రూ దగ్గర.

అయినా నేను మిమ్మల్ని మభ్యపెట్టదలచుకోలేదు. స్క్రూ తీసి బిగించడం ఒక్కటే తెలిసిన ఉద్యోగం తగ్గుతుంది. ఫీడరు ఒక్క బల్ల మీదకు వచ్చినా ఇద్దరు చేసే పని ఒకరికి సరిపోతుంది. అది పూర్తిగా చెడ్డదని కూడా అనలేను. ఆరు సెకన్లకు ఒక స్క్రూ చొప్పున ఎనిమిది గంటలు బిగిస్తే 4,800 స్క్రూలు, 4,800 సార్లు అదే మణికట్టు. ఇరవై ఏళ్ళ అమ్మాయికి అయిదేళ్ళలో చేతి నొప్పి మిగిల్చే పని అది. కానీ ఆ పని పోయిన అమ్మాయికీ, ఆ యంత్రం బాగుచేయడానికి వచ్చిన అబ్బాయికీ మధ్య తేడా చదువే. ‘యంత్రాలు కొత్త ఉద్యోగాలు తెస్తాయి’ అనేవాళ్ళు, ఆ కొత్త ఉద్యోగం పాత మనిషికే రాదన్న సంగతి చెప్పరు.

ఎవరిని పిలుస్తారు ఆ ఫీడరు ఆగితే? అది ఆగుతూనే ఉంటుంది. స్క్రూల లాటులో ఒక్క వంకర స్క్రూ ఉంటే చీలికలో ఇరుక్కుని వెనకున్న వందా నిలిచిపోతాయి. నూనె ఎక్కువైతే ఒకదానికొకటి అతుక్కుని కదలవు. వాడగా వాడగా స్క్రూలు అయస్కాంతాలై గుత్తులు కడతాయి. అరుగు నునుపెక్కితే జారిపోతాయి. కొత్త సైజు స్క్రూ వస్తే చీలికే మార్చాలి. అప్పుడు గిన్నె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చప్పుడు విని, స్ప్రింగు బోల్టు అర చుట్టు వదులు చేసి, మళ్ళీ నడిపించేవాళ్ళు కావాలి. ఆ పనికి బీటెక్ ఒక్కటే దారి కాదు.

మన స్కూలు బోర్డు మీద ఐఐటీ ర్యాంకుల ఫొటోలు ఉంటాయి. నేనూ ఆ బ్యాచ్‌లకు ఫిజిక్స్ చెప్పేవాడినే, ఆ ఫొటోలంటే నాకూ గర్వమే. ఎన్‌ఐటీ గేటు ముందు నుంచి రోజూ మన బస్సులు వెళ్తుంటే, లోపలికి చూడని తల్లిదండ్రులు ఉండరు. అయితే పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేయడం ‘మార్కులు రాని పిల్లల’ దారి అనే మాట నేను ఒప్పుకోను. వరంగల్‌లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది, వాటిలో రోబోలు నడిపే కోర్సులున్నాయి. మీ అబ్బాయో అమ్మాయో మిక్సీ పాడైతే విప్పి చూసే రకమైతే, ఇంటర్ ఎంపీసీ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఈ దారి గురించి కూడా అడిగి తెలుసుకోండి. విప్పినందుకు కోప్పడే ముందైతే తప్పకుండా.

ఆ తండ్రికి నేను చెప్పాల్సింది ఇదే: మీ షాపులో పొడవు స్క్రూకూ పొట్టి స్క్రూకూ తేడా వేలితో చెప్పగలిగే మీరు, మీ పాపకు ఆ బల్ల దగ్గర రోజూ ఒక అరగంట చోటివ్వండి. ఫిజిక్స్ సూత్రం నేను చెబుతాను.

ఈ ఆదివారం ఇంట్లో

కొట్టులో ఒకే సైజు స్క్రూలు 20 కొనండి, కాడ తల కంటే బాగా పొడవున్నవి. రెండు ప్లాస్టిక్ స్కేళ్ళను రెండు పుస్తకాల మీద పక్కపక్కన పెట్టండి, మధ్య సందు కాడ కంటే కాస్త ఎక్కువ, తల కంటే తక్కువ ఉండాలి. ఒక వైపు కొంచెం ఎత్తు పెట్టండి. స్క్రూలను గుప్పెట్లోంచి ఆ సందు మీద జారవిడిచి, ఎన్ని తల పైకి వేలాడాయో, ఎన్ని జారి కిందపడ్డాయో లెక్కించండి. కిందపడినవాటిని మళ్ళీ వేయండి. 20కి 20 వేలాడేదాకా ఎన్ని విడతలు పట్టిందో పిల్లలతో పట్టిక వేయించండి. ఆ తర్వాత స్కేలు కింద వైబ్రేషన్‌లో ఉన్న ఫోను పెట్టి చూడండి, కొన్ని నడుస్తాయి.

రెండో ప్రయోగానికి అక్వేరియం షాపులో దొరికే పారదర్శక గొట్టం ఒక అడుగు చాలు, స్క్రూ తల అందులో పట్టాలి. పొడవు స్క్రూను, అదే తల ఉన్న పొట్టి స్క్రూను విడివిడిగా వేసి, గొట్టాన్ని అటూ ఇటూ వంచి, ఏది పల్టీ కొట్టిందో చూడండి. నోటితో ఊదనివ్వకండి, పీల్చకూడదు కూడా. ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళు నిద్రపోయాకే ఈ పని పెట్టుకోండి.

పట్టికలను సోమవారం సైన్స్ నోటుబుక్కులో అతికించి పంపండి. స్క్రూలు కూడా లెక్కపెట్టి ల్యాబ్‌కు పంపితే వాటితో పిల్లలు ఒక గిన్నె ఫీడరు కట్టే ప్రయత్నం చేస్తారు. 20 కొన్నారు కాబట్టి 20 రావాలి. సోఫా కింద కూడా ఒకసారి చూడండి.